గోవిందరాజులు గారి నాభి దుంపలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో గోడలకి కూడా తెలుసు. బందరులో ముప్ఫై రెండేళ్ళు బోటనీ చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్ఫై రెండేళ్ళూ నా కోపానికి ఎక్కువగా దొరికిన మనిషి మా ల్యాబ్ అటెండరు గోవిందరాజులు గారు. ఇది ఆయన కథ. మధ్యలో నా సంగతులు కూడా కొన్ని వస్తాయి. అవి తీసేసి చెబుదామని చూశాను, కుదరలేదు.

ఆయనది పెడన. తాతలు మగ్గం నేశారు, తండ్రి కలంకారీ అద్దకం చేశారు. ఈయనకి చెయ్యి భలే నిలకడ, కాని రంగుల ఘాటు పడక తుమ్ములొచ్చేవట. "అద్దకం బల్ల దగ్గర ఒక్క తుమ్ము తుమ్మితే బట్టంతా పోతుందండీ. అందుకే మా నాన్న నన్ను కాలేజీకి తోలేశాడు" అని నవ్వేవారు. కాలేజీకి అంటే చదువుకి కాదు, ఉద్యోగానికి. ఇంటర్ తప్పిన మనిషి. అయినా ఏ మొక్క ఏ చెరువు గట్టున ఉంటుందో, ఏ నెలలో పూస్తుందో ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. ఈ మాట ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ప్రాక్టికల్ పరీక్షల రోజున బల్లల మీద మొక్కల ముక్కలు వరసగా పెడతాం. ఒక్కోదాని ముందు ఒక నంబరు చీటీ ఉంటుంది. పేరు ఉండదు, ఎందుకంటే ఆ పేరు చెప్పడమే పరీక్ష. ఆ చీటీలు రాసి పెట్టడం గోవిందరాజులు గారి పని. ఏ నంబరు ఏ మొక్కదో ఆయన ఎక్కడా రాసుకునేవారు కాదు, మనసులోనే పెట్టుకునేవారు. కాగితం మీద పెడితే ఎవరి కంటైనా పడుతుందని భయం. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన దగ్గర్నుంచి ఒక్క పేరు కూడా బయటికి పొక్కలేదు. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. ఊరగాయ జాడీలకి కూడా నంబర్లే. "మూడో నంబరు తియ్యవే అంటారండీ. మూడంటే మాగాయో, ఉసిరో నాకేం తెలుసు!" అని వాళ్ళావిడ నాగమల్లేశ్వరి గారు నెత్తి కొట్టుకుంటుంటే మేమందరం పగలబడి నవ్వేవాళ్ళం.

మా పాఠాల్లో నాభి మొక్క తప్పనిసరి. అడవి నాభి అంటారు, కొందరు అగ్నిశిఖ అంటారు. దాని ఆకు కొస సన్నటి తీగలా మెలితిరిగి, దొరికిన కంపనల్లా పట్టుకుని పైకి పాకుతుంది. పువ్వు తలకిందులుగా వేలాడుతుంది, రేకులు మాత్రం మంట లేచినట్టు పైకి లేస్తాయి. విచ్చినప్పుడు పసుపు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. మొక్కంతా విషమే, దుంప మరీ విషం. ఎంత ఉడికించినా ఆ విషం పోదు.

ఆ పువ్వు మా క్లాసుకి కావలసినప్పుడల్లా గోవిందరాజులు గారు ముందురోజే బస్సెక్కి దివిసీమ వెళ్ళేవారు. పాలకాయతిప్ప దగ్గరి ఇసుక దిబ్బల మీద వెతికి, తడిగుడ్డలో చుట్టి తెచ్చేవారు. ముప్ఫై మంది పిల్లలకి ముప్ఫై పువ్వులు. ఒకటి తగ్గితే నేను అరిచేదాన్ని. అక్కడికి ఎన్ని బస్సులు మారాలో, ఆ ఎండలో ఇసుకలో ఎంత దూరం నడవాలో నేనెప్పుడూ అడగలేదు.

ఏటేటా పువ్వులు తగ్గుతూ వచ్చాయి. దిబ్బలు చదునయ్యాయి, రొయ్యల చెరువులు వచ్చాయి. ఆయన రిటైరయిన ఏడాది నాలుగు రోజులు తిరిగితే ఒక్కచోట మూడు తీగలు కనిపించాయట. పువ్వులు కొయ్యకుండా వచ్చేశారు. నేను యథాప్రకారం అరిచాను. చలికాలంలో తీగలు ఎండిపోయాక మళ్ళీ వెళ్ళి, వాటి కింద తవ్వి మూడు దుంపలు తెచ్చుకున్నారు. అప్పటికే చెరువు తవ్వే మిషను దిబ్బ అవతలికి వచ్చి ఆగిందట.

ఆయన ఇల్లు చిలకలపూడిలో. చుట్టూ రోల్డ్‌గోల్డ్ పనివాళ్ళు, పొద్దస్తమానం చిన్న సుత్తుల చప్పుడు. పెరడు నాలుగు మంచాలు పట్టేంత. అందులో మొదటి దుంపని ఉన్న నల్లమట్టిలోనే పాతారు. అది పది రోజుల్లో కుళ్ళిపోయింది. మన రేగడి వరికి బంగారం, నాభికి బురదగుంట. మిగిలినవి రెండే. అప్పుడు మంగినపూడి వైపు నుంచి ఇసుక తోలించి, ఎత్తుగా మడి కట్టారు. ఆ దుంప నాగటిలా రెండుగా వంగి ఉంటుంది. రెండు కొసల్లోనూ ఒక్కో కన్ను ఉంటుంది, మొలక రావలసింది అక్కడి నుంచే. ఆ కన్ను కాస్త చితికిందా, ఇక ఆ కొమ్ము మొలవదు. అందుకని పసిపిల్లని పక్క మీద పడుకోబెట్టినట్టు రెండు వేళ్ళ లోతున పడుకోబెట్టి, పైన ఇసుక కప్పేవారు. తొలకరికి మొలక పైకొచ్చేది. ఎండు కంప నిలబెడితే పట్టుకుని పాకేది.

పూసింది కాని కాయ పట్టలేదు. ఆ పువ్వులో పుప్పొడి అందుకోవలసిన కీలం కాడ పక్కకి వంగిపోయి ఉంటుంది, దాని పుప్పొడి దానికి అందదు. సీతాకోకచిలుకలు రావాలి. సుత్తుల చప్పుడుకో ఏమో, అవి రాలేదు. పొద్దున్నే లేచి, పాత ల్యాబ్ కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి ఆయనే అద్దేవారు. తండ్రి నేర్పబోయిన అద్దకం అలా పనికొచ్చిందని మేం వేళాకోళం చేసేవాళ్ళం. కాయలు పట్టాయి. గింజలు మొలవడానికి నెలలు, మొలిచింది పూయడానికి మూడు నాలుగేళ్ళు. ఆయనకేం తొందర! తొమ్మిదేళ్ళలో రెండు దుంపలు డెబ్భై అయ్యాయి.

"ఇంట్లో విషం పెంచడమేమిటండీ, కొరివితో తల గోక్కోవడం కాదూ" అని నాగమల్లేశ్వరి గారు నాతో మొర పెట్టుకున్నారు. నేనే ఆవిడ నోరు మూయించాను. ఇంత అరుదైన పని రాష్ట్రంలో ఎవరు చేస్తున్నారని గొప్పలు చెప్పాను. నిజానికి ఆయన జాగ్రత్తకి వంక పెట్టడానికి లేదు. గ్లవుజులు లేకుండా ముట్టుకునేవారు కాదు. పెరటి తలుపుకి తాళం, చేతులకి మూడు సార్లు సబ్బు. పిల్లల్ని ఆ గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కాదు.

కాంతారావు నా పాత విద్యార్థి. కోడూరు దాటాక పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఇల్లు, దగ్గర్లోనే హైస్కూల్లో బయాలజీ చెబుతాడు. ఊరి చివర ముళ్ళకంచె వేసిన అర ఎకరం ఇసుక నేల ఉంది అతనికి. "అన్నీ ఒక్కచోటే ఉంటే ఒక్క తుఫానుకి ఊడ్చిపెట్టుకుపోతాయి మేడమ్ గారూ. కొన్ని వాటి ఊరికి పంపిద్దాం" అన్నారు గోవిందరాజులు గారు. నాకు నచ్చింది. మొన్న శివరాత్రికి ముందురోజు కాంతారావు ఆఫీసు పని మీద బందరు వస్తే, ఏడు దుంపలు ఎంచి ఇచ్చారు. అద్దకం తప్పిన కలంకారీ గుడ్డతో నాగమల్లేశ్వరి గారు కుట్టిన సంచిలో ఇసుక పోసి, అందులో పెట్టి, మూతి కట్టి, చీటీ వేలాడదీశారు. నేను అక్కడే ఉన్నాను. చీటీ నా కళ్ళ ముందే రాశారు. నేను మాగాయ అన్నం తింటూ చూశాను.

శివరాత్రి మధ్యాహ్నం రెండు దాటాక కాంతారావు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, మేం గుడివాడలో ఉన్నామండీ. మా మావగారికి కంటి ఆపరేషనైతే మా ఆవిడ జ్యోతిర్మయీ నేనూ పొద్దున్నే వచ్చాం. అమ్మ ఒక్కతే ఉందండీ ఇంట్లో."

"అయితే?"

"ఇందాక ఫోన్ చేసింది. బందరు దుంపలు ఉపవాసానికేగా తెచ్చావు, ఉడకేసుకోనా అని అడిగిందండీ. నేను డాక్టరు గారితో మాట్లాడుతూ, వినీ వినకుండా ఊఁ అనేశాను."

శివరాత్రి ఉపవాసం ఉన్నవాళ్ళు మా వైపు సాయంత్రం దీపం పెట్టాక ఉడకబెట్టిన చిలగడదుంపలు తింటారు. ఆ వారమంతా ఇచ్చిపుచ్చుకునేవి కూడా అవే. పండగ ముందురోజు కొడుకు రంగు సంచిలో దుంపలు తెచ్చి వంటింట్లో పెడితే ఏ తల్లైనా ఏమనుకుంటుంది?

"ఎంతసేపైంది నువ్వు ఊఁ అని?"

"గంటన్నర. ఇప్పుడు గుర్తొచ్చి చేస్తుంటే ఎత్తట్లేదండీ. పక్కవాళ్ళకీ చేశాను. అందరూ గుడికో సముద్రానికో వెళ్ళినట్టున్నారు."

గుడివాడ నుంచి అతను వచ్చేసరికి పొద్దు కుంకుతుంది. మేం దగ్గర. నువ్వు బయల్దేరు, మేం ముందు వెళ్తామని చెప్పి కారు తీశాను.

చిలకలపూడిలో గోవిందరాజులు గారు ఉపవాసంతో వసారాలో కూర్చుని ఉన్నారు. కారు దిగకుండానే విషయం చెప్పాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి ఎక్కారు.

"చీటీ మీద ఏం రాశారు?" అన్నాను, నాకు తెలిసి కూడా.

"ఇరవై మూడండీ."

"పేరు రాయలేదా? విషమని ఒక్క ముక్క రాయలేదా?"

"నంబరు వేశానండీ" అన్నారు. ఆ మాట పూర్తవుతుండగానే ఆయన మొహం పాలిపోయింది. అప్పటిదాకా అది తప్పని ఆయనకి తోచలేదు. ఒట్టేసి చెబుతాను, నాకూ తోచలేదు. అయినా అరిచాను. ఇంగితం లేదా అన్నాను, ఆ ముసలావిడకి మీరేమైనా పరీక్ష పెట్టారా అన్నాను. ఆయన తల వంచుకుని ఫోన్‌లో కాంతారావు పంపిన ఆవిడ నంబరు నొక్కుతూనే ఉన్నారు. మోగి మోగి ఆగిపోతోంది. మళ్ళీ నొక్కుతున్నారు.

"ప్రాణం పోవడానికి ఒక్క దుంప చాలా?" అని అడిగాను చల్లపల్లి దాటుతుండగా.

"సగం చాలండీ, పెద్దావిడ కదా" అన్నారు.

మోపిదేవి దగ్గర రోడ్డు నిండా భక్తులు. కార్లూ ఆటోలూ ట్రాక్టర్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోయాయి. నేను హారన్ మీద చెయ్యి తీయకుండా నొక్కాను. ఎవరికి పట్టింది? పది నిమిషాలు అడుగు కదల్లేదు. గోవిందరాజులు గారు తలుపు తీసుకుని దిగిపోయారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. కారు ముందు నడుస్తూ, "ప్రాణం మీదకొచ్చిందండీ, దారివ్వండి బాబూ, కాస్త జరగండమ్మా" అని ఒక్కొక్కళ్ళకీ దణ్ణం పెడుతూ జనాన్ని పక్కకి జరిపారు. ఆ అర కిలోమీటరూ ఆయన వీపు చూస్తూ కారు నడిపాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తిరిగి ఎక్కాక కూడా ఫోన్ మళ్ళీ నొక్కారు. మోగింది. ఎత్తలేదు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి నాలుగుంబావు. కాంతారావు ఇంటి తలుపు తీసే ఉంది. వాళ్ళమ్మ నాగేంద్రమ్మ గారు వసారాలో పీట వేసుకుని వత్తులు చేసుకుంటున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, తెల్లటి జుట్టు నడుం దాకా జడ. మమ్మల్ని చూసి నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఊపిరొచ్చింది.

"రామ్మా, రండి బాబూ. మావాడు ఊళ్ళో లేడే! కూర్చోండి. ఉపవాసమా? దుంపలు ఉడికాయి, దీపం పెట్టాక తిని వెళ్దురుగాని."

గోవిందరాజులు గారు నేరుగా వంటింట్లోకి నడిచారు. నేను ఆవిడ పక్కన చతికిలబడ్డాను. "ఫోన్ ఎత్తలేదేమండీ?" అన్నాను. "లోపల చార్జింగుకి పెట్టాను. ఈ చెవికి సరిగా ఆనదు" అన్నారు. అంతలో ఆయన గిన్నె పట్టుకుని బయటికి వచ్చారు. దుంపలు నీళ్ళలో మెత్తగా, తెల్లగా ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టారు.

"ఆరున్నర ఉన్నాయండీ" అన్నారు నాతో, చాలా నెమ్మదిగా.

నాగేంద్రమ్మ గారు సిగ్గుపడ్డారు. "దొంగతనం పట్టేశారే! షుగరు మాత్ర వేసుకున్నానమ్మా, కళ్ళు తిరుగుతుంటే ఆగలేక సగం తిన్నాను. శివుడు ఏమీ అనుకోడులే. కాని చేదు బాబూ, బెల్లం నంజుకుంటే కాని దిగలేదు. ఏ తోటవి ఇవి?"

"ఎంతసేపైందండీ తిని?"

"అరగంట అయిందేమో."

అది విషమని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఆ విషం తిన్న వెంటనే ఏమీ తెలియదు, గంటలు పడుతుంది. వాంతి లేదు, నొప్పి లేదు, మనిషి గుండ్రాయిలా ఉంది. "నాకేం కాలేదు. చేదైనంత మాత్రాన విషమా? కాకరకాయ తినట్లేదూ? దీపం పెట్టకుండా నేను గడప దాటనమ్మాయ్" అని మళ్ళీ వత్తులు చేసుకోవడం మొదలుపెట్టారు. చెయ్యి పట్టి లాగాను. విదిలించుకున్నారు. కోపంతో నా గొంతు పెరిగింది. అరిచినకొద్దీ ఆవిడ ఇంకా బిగుసుకుపోయారు. నిమిషాలు గడిచిపోతున్నాయి, నాకు ఏడుపొస్తోంది.

గోవిందరాజులు గారు గిన్నెతో వచ్చి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అక్కయ్య గారూ, ఇవి చిలగడదుంపలు కావండీ. నాభి. తొమ్మిదేళ్ళుగా నేనే పెంచాను, నేనే మీ అబ్బాయికిచ్చాను. సంచి మీద పేరు రాయకపోవడం నా తప్పే. ఇప్పుడు మీరు లేచి కారెక్కితే ఆస్పత్రికి వెళ్దాం. ఎక్కకపోతే..." అని గిన్నెలోంచి ఒక దుంప తీసి నోటి దగ్గర పెట్టుకున్నారు. "నేనూ తింటానండీ. మీకేమీ కాదంటున్నారుగా, నాకూ ఏమీ కాదు."

ఆయన చెయ్యి వణకలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. నాగేంద్రమ్మ గారు ఆయన మొహంలోకి చూశారు. ఒళ్ళో వత్తులన్నీ జారి కింద పడ్డాయి. "పారెయ్యి నాయనా, ముందు అది పారెయ్యి" అంటూ లేచారు.

మిగిలిన దుంపలు మూటకట్టి కార్లో పెట్టుకుని అవనిగడ్డ ఆస్పత్రికి వెళ్ళాం. డ్యూటీలో ఉన్నది చిన్నపిల్ల, కొత్తగా వచ్చిన డాక్టరు. ఏం తిన్నారంటే దుంప అన్నాను. ఏం దుంప అంది. కంగారులో నాకు నోరు తిరగలేదు. ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పిన నోరు.

"గ్లోరియోసా సుపర్బా, డాక్టరు గారూ" అన్నారు వెనక నుంచి గోవిందరాజులు గారు. "కాల్చిసిన్ ఉంటుందండీ. ఉడికించినా పోదు. సగం దుంప, నాలుగింటికి కాస్త ముందు. మిగిలినవి ఇవిగోండి."

ఒక్క అక్షరం తడబడలేదు. ఆయనకి ఆ పేరు పలకడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. డాక్టరు ఇంకో ప్రశ్న వేయకుండా కడుపు కడిగింది, బొగ్గు పొడి తాగించింది, విజయవాడ పెద్దాస్పత్రికి ఫోన్ చేసి అంబులెన్సు ఎక్కించింది. కాంతారావు దంపతులు అక్కడికి అప్పుడే వచ్చి పడ్డారు. అంబులెన్సు కదలబోతుండగా మొదటి వాంతి అయింది. ఆ తర్వాత తెల్లవారేదాకా ఆగలేదు.

మూడో రోజున రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. నలభై ఎనిమిది గంటలు గడిస్తే కాని ఏమీ చెప్పలేమన్నారు. ఐసీయూ బయట బెంచీ మీద గోవిందరాజులు గారు మూడు రోజులుగా అక్కడే ఉన్నారు. నేను బందరు నుంచి వచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అలా ఊరికే కూర్చుని ఉండడం చూసి నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే భయం. ఆవిడ పోతే ఆ చావులో నా వాటా ఎంతో నాకు తెలుసు. చీటీ రాస్తుంటే చూసినదాన్ని, గొప్పలు చెప్పి పెంచమన్నదాన్ని, వాళ్ళావిడ నోరు మూయించినదాన్ని. ఆ భయమంతా కోపమై ఆయన మీద పడింది.

"ఇంకా ఎందుకండీ అవి? ఇంకెవరిని చంపడానికి? వెళ్ళి అన్నీ తవ్వి తగలబెట్టండి. ఒక్కటి మిగిలినా నేను మీ ఇంటి గడప తొక్కను" అన్నాను. ఐసీయూ ముందు కూర్చున్నవాళ్ళందరూ చూస్తున్నారు.

"అలాగేనండీ" అన్నారు. లేచి బస్టాండుకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే చేశారట. తర్వాత నాగమల్లేశ్వరి గారు చెప్పారు. ఇసుక మడి మొత్తం తవ్వి, అరవై మూడు దుంపలూ వరసగా పెట్టుకుని, ఒక్కోదాని రెండు కళ్ళూ గోటితో గిల్లేశారట. తొమ్మిదేళ్ళు ఎవరి నీడా పడనివ్వకుండా కాపాడిన కళ్ళు. ఆ తర్వాత కొబ్బరి డొక్కల మీద వేసి కాల్చారు. సీసాలో దాచిన గింజలు కూడా. "పొగ వస్తుంది, లోపలికి పో అన్నారమ్మా నన్ను. ఆయన మాత్రం చల్లారేదాకా అక్కడే నిలబడ్డారు" అని చెప్పి ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. పెంచొద్దని మొర పెట్టుకున్న మనిషి ఆవిడే.

ఐదో రోజున నాగేంద్రమ్మ గారు కళ్ళు తెరిచారు. పదకొండో రోజున ఇంటికి పంపారు. వేళకి తీసుకురావడం, ఏం తిన్నారో తెలియడం, ఈ రెండే కాపాడాయని డాక్టర్లు అన్నారు. మూడో వారంలో ఆవిడ జుట్టు ఊడిపోయింది. ఆ విషం పోతూ పోతూ జుట్టు పట్టుకుపోతుంది. నడుం దాకా ఉన్న జడ దువ్వెనకి చుట్టలు చుట్టలుగా వచ్చేసింది. నేను చూడటానికి వెళ్తే తల మీద చెంగు కప్పుకుని, "తిరపతి వెళ్ళకుండానే మొక్కు తీరిపోయిందమ్మాయ్" అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

వినాయక చవితి వెళ్ళాక రక్త పరీక్షకని కాంతారావు ఆవిణ్ణి బందరు తీసుకొచ్చాడు. తల మీద అంగుళం పొడుగున కొత్త జుట్టు. చిలకలపూడి వెళ్ళితీరాలని పట్టుబట్టారు, నన్నూ రమ్మన్నారు. నాకు వెళ్ళాలని లేదు. వెళ్ళాను.

గోవిందరాజులు గారు చిక్కిపోయి ఉన్నారు. నాగేంద్రమ్మ గారు సున్నుండల డబ్బా ఆయన చేతిలో పెట్టి, "నంబరు వెయ్యలేదయ్యా, ధైర్యంగా తిను" అన్నారు. అందరం నవ్వాం. నాగమల్లేశ్వరి గారు కాఫీలు తెచ్చారు. ఒక గుక్క తాగి నాగేంద్రమ్మ గారు పెరటి తలుపు వైపు చూశారు.

"ఏదీ, ఆ పువ్వు చూపించు. ఇది పూసే కాలమేనటగా, మావాడు చెప్పాడు. పదకొండు రోజులు నన్ను మంచాన పడేసిన దాని మొహం చూడకుండా వెళ్తానా?"

నాగమల్లేశ్వరి గారు లోపలికి వెళ్ళిపోయారు.

"లేవండీ అక్కయ్య గారూ" అన్నారు గోవిందరాజులు గారు. "వానలకి నీళ్ళు నిలబడిపోయి దుంపలన్నీ కుళ్ళిపోయాయండీ."

"అన్నీనా?"

"అన్నీనండీ."

"మరి మా వైపు దిబ్బల మీద?"

"అక్కడా లేవమ్మా" అన్నాడు కాంతారావు. "నేను నాలుగు ఆదివారాలు తిరిగాను."

ఆవిడ చెంగుతో మూతి తుడుచుకుని, "నాదే తప్పయ్యా. నేను ఆ సంచి ముట్టుకోకుండా ఉంటే ఆ ఏడు దుంపలైనా మా ఇసుకలో పూసేవి కదా ఇప్పుడు. ఎంత కష్టపడి పెంచావో, నా పాడు ఆకలితో నాశనం చేశాను" అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి, జుట్టు పోగొట్టుకున్న మనిషి, నా ముందు కూర్చుని నా తప్పుకి ఏడుస్తున్నారు.

నేనిక ఆగలేకపోయాను. "అది కాదండీ నాగేంద్రమ్మ గారూ, అసలు వాటిని..." అన్నాను.

"మేడమ్ గారూ, కాఫీ చల్లారిపోతోందండీ" అన్నారు గోవిందరాజులు గారు.

ఆయన నా వైపు చూడలేదు. ఆవిడ వైపే చూస్తున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మాట పూర్తి చెయ్యాల్సింది. చెయ్యలేదు. కాఫీ తాగాను.